తెగిన పోగు దగ్గర ఆగే మగ్గం

(ఒడిశాలోని బరంపురంలో ఒక ఆదివారం సాయంత్రం తెలుగువారి సభలో చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే ఉంచి, ఒకే మాట రెండుసార్లు వచ్చిన చోట్ల మాత్రం తగ్గించాం.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో మా వీధి పెద్దవాళ్లు కూర్చున్నారు. వెనకాల కాలేజీ పిల్లలు నిలబడి ఉన్నారు. పిల్లలూ, కిందైనా కూర్చోండమ్మా, కాసేపు పడుతుంది.

లీన్ మేనేజ్‌మెంట్, అంటే దండగ తగ్గించి పని బాగుచేసుకునే పద్ధతి, దాని గురించి చెప్పమన్నారు. ఇరవై ఏళ్లకు పైగా ఫ్యాక్టరీల్లో ఆ పనే చేశాను. అక్కడైతే తెర మీద బొమ్మలు వేసి, జపాన్ మాటలు పది రాసి మొదలుపెడతాం. ఇక్కడ అలా చెయ్యబుద్ధి కాలేదు. ఎందుకంటే ఈ ఆలోచన మొదట పుట్టింది కార్ల ఫ్యాక్టరీలో కాదు, మగ్గం దగ్గర. బరంపురంలో నిలబడి మగ్గాన్ని వదిలేసి ఇంకెక్కణ్ణుంచి మొదలుపెడతాను?

మా తాత పట్టు నేసేవాడు. మన ఊరిని సిల్క్ సిటీ అంటారు కదా, ఆ పేరు వెనక ఉన్న వేల చేతుల్లో ఆయనవీ రెండు. చిన్నప్పుడు గుంట మగ్గం పక్కనే చాప వేసుకుని పడుకునేవాణ్ణి. నాడె అటూ ఇటూ పోయే చప్పుడుకి నిద్ర పట్టేది. ఆ చప్పుడు ఆగితే మెలకువ వచ్చేది. ఆగిందంటే పోగు తెగిందన్నమాట. తాత ముందుకి వంగి, తెగిన కొసలు వెతికి, వేళ్లు తడి చేసుకుని అతికి, దాన్ని ఒకసారి లాగి చూసి, అప్పుడు మళ్లీ కాలు వేసేవాడు. పడుగులో వేల పోగులుంటాయి. ఒక్కటి తెగితే ఏమైపోతుందని నా అనుమానం. "ఒక్కటే కదా తాతా, తరవాత అతుకుదువు గాని" అన్నాను ఒకసారి. "ఇప్పుడాగితే ఒక్క పోగురా. ఆగకపోతే మూరెడు గుడ్డ" అన్నాడు.

ఫ్యాక్టరీలో చేరాక ఈ మాటే పెద్ద పెద్ద పేర్లతో నాకు మళ్లీ నేర్పారు.

జపాన్‌లో సకిచి టొయోడా అని ఒకాయన 1867లో పుట్టాడు. వడ్రంగి కొడుకు. వాళ్ల ఊళ్లో ఆడవాళ్లు పొద్దుపోయేదాకా మగ్గాల మీద కూర్చునేవాళ్లు. ఆయన తల్లి కూడా నేసేది. ఆ కష్టం చూసి మగ్గాన్ని బాగుచెయ్యాలని పట్టుబట్టాడు. 1891లో చెక్క చేమగ్గానికి మొదటి పేటెంటు తీసుకున్నాడు. ఆ తరవాత మరమగ్గాల మీద పడ్డాడు. ఏళ్ల తరబడి ఆయన సాధించుకుంటూ వచ్చిన వాటిలో నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపించేది ఒకటుంది. పోగు తెగితే మగ్గం దానంతట అదే ఆగిపోతుంది. 1924లో ఆయన తయారుచేసిన ఆటోమేటిక్ మగ్గంలో ఆ పని పక్కాగా కుదిరింది.

ఇందులో గొప్పేముందని అనిపించవచ్చు. మన గంజాం జిల్లా నుంచి సూరత్ మరమగ్గాల మీదికి పనికి వెళ్లి వచ్చినవాళ్లు ఈ హాల్లోనూ ఉండి ఉంటారు, వాళ్లకి వెంటనే అర్థమవుతుంది. మరమగ్గానికి కళ్లు లేవు. పోగు తెగినా నేసుకుంటూ పోతుంది. దాన్ని కనిపెట్టడానికి ఒక మనిషి కళ్లప్పగించి నిలబడాలి. ఒక్క క్షణం చూపు పక్కకి పోతే గజాల కొద్దీ గుడ్డ పాడు. మగ్గం తనే ఆగితే ఆ మనిషికి కాపలా పని పోతుంది. పిలిచిన మగ్గం దగ్గరికి మాత్రం వెళితే చాలు. ఒక్కరే చాలా మగ్గాలు చూసుకోగలరు. అంతకన్నా ముఖ్యం, పాడైన గుడ్డ ముందుకి పోదు.

ఆ మగ్గం పేటెంటు హక్కుల మీద 1929లో ఇంగ్లండ్‌లోని ప్లాట్ బ్రదర్స్ కంపెనీతో లక్ష పౌండ్ల ఒప్పందం కుదిరింది. సకిచి కొడుకు కీచిరో కార్ల మీద పడ్డాడు. 1937లో టయోటా మోటార్ కంపెనీ పుట్టింది. ఆ కంపెనీ పని పద్ధతికి రూపం ఇచ్చిన తాయిచి ఓనో కూడా ముందు కార్ల మనిషి కాదు. 1932లో టొయోడా వాళ్ల నూలు మిల్లులో చేరి, 1943లో కార్ల వైపు వచ్చాడు. అంటే మగ్గాల ఇంటి నుంచే వచ్చాడు. దీనికి లీన్ అనే ఇంగ్లీషు పేరు పెట్టింది మాత్రం జపాన్ వాళ్లు కాదు. జాన్ క్రాఫ్‌సిక్ అనే అమెరికన్ 1988లో ఒక వ్యాసంలో ఆ మాట వాడాడు, అది నిలిచిపోయింది. లీన్ అంటే కొవ్వు లేకుండా సన్నగా ఉండటం. ఆ పేరు నాకు పూర్తిగా నచ్చదు. సన్నగా అనగానే ఎవర్ని తీసేద్దాం, ఏది కోసేద్దాం అనే వైపు మనసు పోతుంది. తాత చేసింది కొయ్యడం కాదు కదా. ఆగడం, అతకడం.

సరే, ఇక ఇంటి విషయాలకి వద్దాం.

జపాన్ వాళ్లు ముడా అంటారు. దండగ అని మన మాట. కొనేవాడికి ఉపయోగం లేని ప్రతి పనీ దండగే. ఓనో గారు దీన్ని ఏడు రకాలుగా విడదీశారు. ఎదురుచూడటం, అవసరానికి మించి చెయ్యడం, సరుకు పోగుపెట్టడం, ఊరికే అటూ ఇటూ మోయడం, మనిషి ఊరికే తిరగడం, అక్కర్లేని పని ఎక్కువ చెయ్యడం, పాడుచేసి మళ్లీ చెయ్యడం. ఇవి బట్టీ పట్టనక్కర్లేదు. మా పిన్ని ఇంట్లో అప్పడాల సంగతి చెబుతాను, వీటిలో చాలావరకు అందులోనే దొరుకుతాయి.

బరంపురం వచ్చినవాళ్లు అప్పడాలు, ఊరగాయలు కొనకుండా వెళ్లరు. మా పిన్ని ఇంట్లోనే అప్పడాలు చేయించి దుకాణాలకి వేసేది. అయిదుగురు ఆడవాళ్లు పనికి వచ్చేవాళ్లు. ఒక ఏడాది దుకాణాల నుంచి సరుకు వెనక్కి రావడం మొదలైంది. అంచులు పగిలిపోతున్నాయని. పగిలిన అప్పడం కట్టలో విరుగుతుంది, నూనెలో వేస్తే ముక్కలవుతుంది. ఇంట్లో అందరూ కలిసి తేల్చిందేమిటంటే, కొత్తగా చేరిన కోడలుపిల్ల చెయ్యి కుదరలేదని. పాడైన వాటిలో ఎక్కువ ఆవిడ పీట మీదవే. మాట నిజమే. ఆ పిల్ల ఏమీ అనేది కాదు, తల వంచుకుని ఒత్తేది.

సెలవులకి వచ్చినప్పుడు ఒకరోజు పొద్దున్నించీ సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాను. ఫ్యాక్టరీలో మాకు నేర్పిన మొదటి పని అదే. పని జరిగే చోటికి వెళ్లి, నోరు మూసుకుని చూడటం. పని జరిగే ఆ చోటుని జపాన్ వాళ్లు గెంబా అంటారు. ఓనో గారైతే కొత్తవాళ్లని నేల మీద సుద్దముక్కతో గీసిన గుండ్రంలో నిలబెట్టి, ఏం కనిపిస్తోందో చూడమనేవారట.

నాకు కనిపించింది ఇది. పొద్దున్నే పిండి దంచే ఆవిడ వచ్చి మొత్తం పిండి ఒకేసారి దంచేసేది. తొమ్మిది లోపల ఉండలన్నీ చేసి పళ్లేల్లో పేర్చేవాళ్లు. ఆ తరవాత అందరూ వరసగా కూర్చుని ఒత్తడం. పొద్దున ఒత్తినవి ఎవరివీ పగల్లేదు. పన్నెండు దాటాక ఒత్తినవి అందరివీ పగిలాయి. ఉండ గంటల తరబడి గాలికి ఆరిపోతే అంచు పగలదా మరి. కోడలుపిల్ల ఇంటి పని ముగించుకుని పదకొండింటికి కూర్చునేది. ఆవిడకి దొరికేవన్నీ ఆరిన ఉండలే!

ఎందుకు పగులుతోంది? ఉండ ఆరింది. ఎందుకు ఆరింది? మూడు గంటలు పళ్లెంలో ఉంది. ఎందుకుంది? అన్నీ ఒకేసారి చేశారు. ఎందుకు ఒకేసారి? పిండి ఒకేసారి దంచారు. ఎందుకు? దంచే ఆవిడ తొమ్మిదింటికి ఒక టిఫిన్ హోటల్లో పనికి వెళ్లాలి. చూశారా, కోడలు చెయ్యి దగ్గర మొదలైన నేరం ఎక్కడో హోటల్ గడియారం దగ్గర తేలింది. ఎందుకు అని అయిదుసార్లు అడగమని ఓనో గారు చెప్పేది ఇందుకే. ఆయన చెప్పిన ఉదాహరణ ఒక మెషీను గురించి. ఫ్యూజు పోయి మెషీను ఆగింది. ఫ్యూజు మార్చేస్తే మళ్లీ నడుస్తుంది. కానీ అడుగుతూ పోతే, బేరింగుకి నూనె అందడం లేదని, పంపు సరిగ్గా లాగడం లేదని, దాని ఇరుసు అరిగిందని, చివరికి వడపోత జాలీ లేక ఇనప రజను లోపలికి పోతోందని తెలిసింది. మన ఇళ్లలో మనం ఫ్యూజు దగ్గరే ఆగిపోతాం. ఆ ఫ్యూజు ఎప్పుడూ ఒక మనిషే అవుతుంది. సాధారణంగా ఆ ఇంట్లో అందరికన్నా చిన్నది, ఎదురు చెప్పలేనిది.

పిన్ని ఏం చేసిందంటే, పిండిని మూడు వాయిలు చేసింది. దంచే ఆవిడ వెళ్లేలోపు ఒక వాయి అయ్యేది. తిరిగొచ్చాక ఇంకొకటి. మధ్య వాయి పిన్ని కొడుకు దంచడం నేర్చుకున్నాడు. ఉండలు అప్పటికప్పుడు, ఒత్తేవాళ్ల చేతికి సరిపడా మాత్రమే. మొదట ఆడవాళ్లకి విసుగొచ్చింది. మాటిమాటికీ లేవాలి, కూర్చోవాలి అని. రెండు వారాలు గొణుక్కున్నారు, అది కూడా దాచకుండా చెప్పాలి. తరవాత పీటల వరస మార్చుకుని వాళ్లే సర్దుకున్నారు. శ్రావణంలో ఇంకో లాభం తెలిసింది. అంతకుముందు మబ్బు పట్టేసరికి ఒత్తిన అప్పడాలు ఇల్లంతా పరిచి ఉండేవి, ఆరక పాడయ్యేవి. ఇప్పుడు చినుకు పడితే చేతిలో ఉన్న కాసిని మాత్రమే లోపలికి తెచ్చుకునేవాళ్లు, మిగతా పిండి ఆపేసేవాళ్లు. ఎక్కువ చేసిపెట్టుకోవడం ధైర్యం కాదని, నెత్తిన బరువని పిన్నికి అప్పుడు తెలిసింది. కోడలుపిల్లకి ఎవరూ క్షమాపణ చెప్పలేదు. మన ఇళ్లలో చెప్పరు. కానీ మరుసటి ఏడాది లెక్కల పుస్తకం ఆవిడ చేతికొచ్చింది.

తాత పోగు తెగినప్పుడు ఎవర్నీ తిట్టేవాడు కాదు. తిడితే ఏమవుతుంది? కండెలు చుట్టే పిల్ల మరుసటిసారి బలహీనమైన పోగు కనిపిస్తే లోపలికి తోసి దాచేస్తుంది. ఈ మాట చెప్పేటప్పుడు నాకు మా అమ్మాయి గుర్తొస్తుంది. ఏడో తరగతిలో లెక్కల పరీక్ష తప్పింది. ఆ పేపరు మూడు నెలలు బీరువా వెనక ఉంది. దొరికినప్పుడు నాకు చాలా కోపం వచ్చింది, ఎందుకు దాచావని అడిగాను. "అంతకుముందు పేపరు చూపించినప్పుడు మీరు అరిచారు కదా నాన్నా" అంది. ఫ్యాక్టరీలో నేను పనివాళ్లకి ఏం చెప్పేవాణ్ణి? తప్పు కనిపిస్తే తాడు లాగండి, లైను ఆపండి, ఎవరూ ఏమీ అనరు అని. టయోటా లైన్లో ప్రతి పనివాడికీ అందేలా ఒక తాడో మీటో ఉంటుంది. అది లాగినా నొక్కినా దీపం వెలుగుతుంది, పైవాడు పరిగెత్తుకొస్తాడు, నిమిషంలో సర్దుబాటు కాకపోతే లైను ఆగుతుంది. వచ్చినవాడు మొదట అడగాల్సింది ఎవరు చేశారని కాదు, ఏం జరిగిందని. బయట అంత నేర్పిన మనిషిని, నా ఇంట్లో నా కూతురికి లాగడానికి ఒక తాడు ఉంచలేదు. భిన్నాలు ఆ పిల్లకి రాలేదని మూడు నెలల ముందే తెలిసి ఉంటే ఒక్క పోగే. అప్పటికి మూరెడు గుడ్డ అయింది. బీజగణితం దాకా పోయింది.

వంటింటి సంగతి. ఒకరోజు పొద్దున్న మా ఆవిడ వంట చేస్తుంటే గడప దగ్గర కూర్చుని, కాగితం మీద వంటిల్లు గీసి, ఆవిడ ఎటు నడిస్తే అటు పెన్సిలు గీత గీశాను. గంట తిరిగేసరికి కాగితం నూలు చిక్కుపడ్డట్టు అయింది. పొయ్యి ఈ మూల, మంచినీళ్ల బిందె ఆ మూల. చింతపండు జాడీ పై అరలో ఉంది, ప్రతిసారీ పీట ఎక్కి తీస్తుంది. "అంత పైన ఎందుకు పెట్టావు?" అన్నాను. "నేను పెట్టలేదు, అత్తయ్యగారు పెట్టారు" అంది. మా అమ్మ పొడుగరి. అమ్మ పోయి పదకొండేళ్లయింది. పదకొండేళ్లుగా ఈవిడ పీట ఎక్కి దిగుతూనే ఉంది, నేను ఆ పప్పుచారు తింటూనే ఉన్నాను. ఆ సాయంత్రమే అరలు సర్దాం. రోజూ వాడేవి చేతికందే ఎత్తులో, వారానికోసారి వాడేవి పైన, ఏడాదిగా ముట్టనివి బయటికి. ఫ్యాక్టరీ భాషలో దీనికి అయిదు జపాన్ మాటలున్నాయి. అనవసరమైనవి తియ్యడం, ఉన్నవాటికి చోటు చూపడం, తుడవడం, అందరికీ ఒకే పద్ధతి పెట్టుకోవడం, దాన్ని వదలకుండా ఉండటం. కానీ ఆ సర్దుడు ఎవరు పని చేస్తారో వాళ్ల ఎత్తుకి జరగాలి. చూడ్డానికి వచ్చేవాళ్ల కంటికి కాదు.

ముడాతో పాటు జపాన్ వాళ్లు ఇంకో రెండు మాటలు చెబుతారు. మురా అంటే ఎగుడుదిగుడు. మురి అంటే మోయలేనంత బరువు. జనం దండగ ఒక్కటే పట్టుకుని ఈ రెండూ వదిలేస్తారు. నాకు ఈ రెండే ముఖ్యం అనిపిస్తుంది. మన ఊరి అమ్మవారి పండగ ఠాకురాణీ జాత్ర రెండేళ్లకోసారి వస్తుంది. ఆ రోజుల్లో ప్రతి ఇంటికీ చుట్టాలే. ఆ వారాల్లో ఇంటి ఆడవాళ్ల నడుము ఎలా ఉంటుందో ఎవరైనా అడుగుతారా? రోజూ సమానంగా ఉండాల్సిన పని ఒక్కసారి మీద పడితే అది మురా. ఆ పడ్డది ఒక్కరే మోస్తే మురి. పొడులు, వడియాలు నెల ముందునుంచీ కొంచెం కొంచెంగా చేసిపెట్టుకోవడం, వచ్చిన చుట్టాలకి కూరలు తరిగే పని అప్పజెప్పడం, ఇవి తెలివైన ఇళ్లలో ఎప్పణ్ణుంచో ఉన్నవే. జాత్ర తేదీ ముందే తెలుసు, చుట్టాలు వస్తారనీ తెలుసు. తెలిసిన బరువుని కూడా ప్రతిసారీ ఒక్క మనిషి మీదే దింపుతున్నామంటే అది పండగ తప్పు కాదు.

ఇక సరుకు ఎప్పుడు తెచ్చుకోవాలన్న సంగతి. అమెరికాలో సూపర్ మార్కెట్ పద్ధతి ఓనో గారికి బాగా నచ్చింది. 1956లో అక్కడికి వెళ్లి స్వయంగా చూశారు. అర మీద ఎంత ఖాళీ అయితే అంతే మళ్లీ నింపుతారు. దాన్నే ఆయన ఫ్యాక్టరీలో కార్డులతో నడిపించారు. వాడేసిన డబ్బాతో పాటు ఒక కార్డు వెనక్కి వెళుతుంది, ఆ కార్డు అందితేనే వెనకవాడు కొత్త సరుకు చేస్తాడు. ఆ కార్డు పేరు కాన్‌బాన్. మన ఇంట్లో రెండు గ్యాస్ సిలిండర్లుంటే చేసేది ఇదే. ఒకటి ఖాళీ కాగానే రెండోది తగిలించి, అప్పుడు బుక్ చేస్తాం. ఖాళీ సిలిండరే మన కార్డు. మా మామ్మ బియ్యం డబ్బాలో అడుగు నుంచి జానెడు ఎత్తున లోపల సున్నంతో గీత గీసింది. గీత కనిపిస్తే ఎవరు చూసినా సరే దుకాణానికి చెప్పి రావాలి. ఆవిడ చదువుకోలేదు. ఇంట్లో ఎవర్నీ "బియ్యం అయిపోయాయని చెప్పలేదేం" అని అరవాల్సిన అవసరం లేకుండా చేసుకుంది.

అయితే ఒక్క మాట. లీన్ అంటే ఇంట్లో ఏమీ నిలవ ఉంచకూడదని కొందరు చెబుతారు. అది సరికాదు. ఆవకాయ మామిడి ఏడాదికి ఒక్కసారే వస్తుంది, కాబట్టి జాడీ ఏడాదికి సరిపడా ఉండాల్సిందే. మనది తుపాన్ల తీరం. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఆ రాత్రి గాలి చప్పుడు మనలో ఎవరమూ మరిచిపోలేదు. తరవాత రోజుల తరబడి కరెంటు లేదు. 2018లో అదే అక్టోబరులో తిత్లీ వచ్చింది, గజపతి జిల్లా కొండల్లో ఎంత నష్టం చేసిందో తెలుసు. ఇక్కడ దసరా దగ్గర పడుతుంటే కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు, పదిరోజుల బియ్యం పప్పులు, మందులు పక్కన పెట్టుకోవడం దండగ కాదు. 2011లో జపాన్‌లో భూకంపం, సునామీ వచ్చాక టయోటా వాళ్లే కొన్ని ముఖ్యమైన చిప్‌లని నెలల తరబడి సరిపోయేలా నిలవ ఉంచమని సరఫరా చేసేవాళ్లని అడిగారు. ఏ ఆపద కోసం దాచామో చెప్పగలిగితే అది జాగ్రత్త. చెప్పలేకపోతే, ఆ బస్తా వెనక ఏదో తెగిన పోగు దాక్కుని ఉంది.

తప్పు జరగకుండా ముందే అడ్డం పెట్టుకోవడం గురించి చిన్న కథ. షిగెయో షింగో అనే ఇంజనీరు 1961లో ఒక ఫ్యాక్టరీకి వెళ్లారు. అక్కడ చిన్న స్విచ్‌లో రెండు స్ప్రింగులు పెట్టాలి. పనివాళ్లు అప్పుడప్పుడూ ఒకటి మరిచిపోతున్నారు. మేనేజర్లు జాగ్రత్త, జాగ్రత్త అని అరుస్తున్నారు. ఆయన ఒక చిన్న పళ్లెం పెట్టించారు. ముందు రెండు స్ప్రింగులు పళ్లెంలో పెట్టుకోవాలి, తరవాత బిగించాలి. పళ్లెంలో ఒకటి మిగిలితే మరిచిపోయినట్టే. అంతే. ఇలాంటి ఏర్పాట్లకి మొదట్లో జపాన్‌లో ఉన్న పేరుకి అర్థం, తెలివితక్కువవాడి నుంచి కాపాడేది అని. ఆ మాట విని ఒక కార్మికురాలు ఏడ్చిందట. నేను అంత తెలివితక్కువదాన్నా అని. షింగో గారు పేరు మార్చేశారు. పోకా-యోకే అన్నారు, అంటే పొరపాటుని తప్పించేది. మనిషిని కాదు, పొరపాటుని.

మా నాన్నకి ఎనభై దాటాయి. రోజుకి ఆరు మాత్రలు. వేసుకున్నారా అంటే వేసుకున్నాననేవారు, ఒక్కోసారి రెండుసార్లు వేసుకునేవారు. మా ఆవిడ మూడు చిన్న స్టీలు గిన్నెలు కొంది. రాత్రి పడుకునే ముందు మరుసటి రోజు మాత్రలు పొద్దున, మధ్యాహ్నం, రాత్రి గిన్నెల్లో వేసి పెడుతుంది. గిన్నె ఖాళీగా ఉంటే వేసుకున్నట్టు. అప్పటినుంచి నాన్నని అడిగే పని లేదు, ఆయనకి చిన్నబుచ్చుకునే పనీ లేదు. ఆవిడకి షింగో పేరు నేనే తరవాత చెప్పాను.

నాన్నని ఒక పెద్దాసుపత్రికి తీసుకెళ్లిన రోజు కూడా చెప్పాలి. ఏ ఆసుపత్రన్నది వద్దు. ఉదయం ఏడింటికి వెళ్లి, చీటీకి ఒక వరస, డబ్బుకి ఒక వరస, రక్తం ఇవ్వడానికి ఒక వరస, కాగితం కోసం మళ్లీ మొదటి వరస. డాక్టరుగారు చూసింది ఆరు నిమిషాలు, ఎంతో ఓపిగ్గా చూశారు. మేము బయటికి వచ్చేసరికి రెండున్నర. అక్కడ పనివాళ్లెవరూ ఖాళీగా లేరు. అందరూ చెమటలు కక్కుతున్నారు. అందరూ కష్టపడుతున్నా ముసలాయన బల్ల మీదే కూర్చుని ఉన్నాడు. లీన్‌లో మొదట అడిగే ప్రశ్న అందుకే పనివాడు ఖాళీగా ఉన్నాడా అని కాదు, రోగి కదులుతున్నాడా అని. ఆ రెండూ వేరు. దీని గురించి గంట మాట్లాడగలను కానీ టైము లేదు.

ఇప్పుడు నాకు మనసులో ఉన్న బాధ ఒకటి చెప్పాలి. కార్మిక నాయకుడిగా పేరు తెచ్చుకుని రాష్ట్రపతి అయిన వి.వి. గిరి గారు 1894లో పుట్టింది ఈ ఊళ్లోనే. ఇక్కడ నిలబడి పనివాళ్ల ఊసెత్తకుండా ఈ ప్రసంగం ముగించలేను. నేను పనిచేసిన ఒక చోట మేము రెండు నెలలు కష్టపడి ఒక లైను బాగుచేశాం. అయిదుగురి పని ముగ్గురికి తేలిగ్గా సరిపోయేలా కుదిరింది. ఆ ఉపాయం చెప్పింది ఆ అయిదుగురే. మరుసటి నెలలో ఇద్దర్ని తీసేశారు. నేను అడ్డుపడ్డాను, సరిపోలేదు. ఆ తరవాత ఆ షెడ్డులో ఏ పనివాడూ నాకు ఒక్క ఉపాయం కూడా చెప్పలేదు. చెప్పమని నేనూ అడగలేకపోయాను. టయోటా చరిత్రలోనూ ఇలాంటి గాయం ఉంది. 1950లో డబ్బు కష్టం వచ్చి, సమ్మె జరిగి, చాలామంది ఉద్యోగాలు పోయాయి. కానీ అక్కడ కీచిరో తానూ అధ్యక్ష పదవి వదిలేశాడు. ఆ దెబ్బ తరవాతే పనివాడి ఉద్యోగానికి భద్రత ఉంటేనే వాడు నోరు విప్పి తప్పు చూపిస్తాడన్న సంగతి ఆ కంపెనీకి ఒంటబట్టింది. ముగ్గురి పని ఒకరి నెత్తిన పెట్టి దానికి లీన్ అని పేరు పెడితే అది మురి. ఇందాక చెప్పిన బరువు. ఇంట్లో కోడలి మీద పెట్టినా, షెడ్డులో కూలీ మీద పెట్టినా ఒకటే.

మీరు చిన్న వ్యాపారం చేస్తుంటే, నలుగురికి పని ఇస్తుంటే, మొదట వాళ్లకి ఈ మాట ఇవ్వండి. నువ్వు చెప్పిన ఉపాయం వల్ల నీ పని పోదు అని. మిగిలిన చేతులతో ఇంకో రకం అప్పడం చెయ్యండి, ఇంకో ఊరికి పంపండి, లేదా సాయంత్రం ఒక గంట ముందు ఇంటికి పంపండి. గంట ముందు ఇంటికెళ్లడం కూడా లాభమే, లెక్కల్లో రాయకపోయినా.

నేను మాట్లాడటం ఇక్కడితో ఆపుతాను. గెంబా అంటే పని జరిగే చోటు అన్నాను కదా. ఈ హాల్లో ఆ చోటు నాది కాదు, మీది. మూడో వరసలో అప్పడాలు, ఊరగాయలు చేసే అక్కలు కూర్చున్నారు. పక్కన పట్టు నేసే మామయ్య ఒకరు ఇందాకటి నుంచీ నేను పోగు అతకడం చూపిస్తుంటే తల అడ్డంగా ఊపుతున్నారు. ఎక్కడ తప్పు చెప్పానో ముందు ఆయన్నే అడగాలి. మామయ్యా, ఇలా ముందుకి రండి. ఆ మైకు ఆయనకివ్వండి. నేను కింద కూర్చుని రాసుకుంటాను.